ఒక చీర, ఏడు జన్మలు

తెలుగునాట పాత యిండ్లలో ఒక మూట ఉండెడిది. అటకమీదనో, భోషాణము అడుగుననో, నులకమంచము క్రిందనో అది కనిపించెడిది. కట్టి కట్టి వెలిసిన చీరలు, మోకాళ్ళవద్ద పలుచబడిన పంచెలు, పిల్లలకు పొట్టియైన చొక్కాలు అందులో చేరెడివి. దానిని చెత్తయని ఎవరును అనెడివారు కారు. ఇంటి ముసలమ్మ తీరిక దొరికిన మధ్యాహ్నమున చాపమీద ఆ మూట విప్పి, ఒక్కొక్క గుడ్డను వెలుతురునకు ఎత్తి చూచి, రెండు చేతులతో లాగి, బలము ఎంత మిగిలినదో పరీక్షించెడిది. ఆ పరీక్షను బట్టి గుడ్డ తరువాతి పని నిర్ణయమయ్యెడిది.

నేడు అట్టి మూట అరుదు. పాతబట్టలు సంచులకొద్ది వీధి చివర చెత్తబండి కెక్కుచున్నవి. పూర్వపు గృహిణుల పొదుపును కీర్తించి, నేటివారి దుబారాను నిందించి ఊరకుండుట తేలిక. కాని ఆ మూట మాయమగుటకు మనుష్యుల బుద్ధి మారుట ఒక్కటియే కారణము కాదు. గుడ్డ కూడ మారినది. ఈ రెండవ కారణమును పలువురు గమనింపరు. ఒక నూలుచీర జీవితమును మొదటినుండి తుదివరకు అనుసరించి చూచినచో అది తేటపడును.

చీరనుండి మట్టివరకు

నూలుగుడ్డకు ఒక విచిత్రమైన గుణము కలదు. ఉతికినకొలది అది బలమును కోల్పోవును; కాని మెత్తదనమును, నీటిని పీల్చుకొను శక్తిని సంపాదించును. ఒక గుణము తగ్గుచుండగా మరియొకటి పెరుగుచుండును గనుక, ప్రతి దశలోను దానికి తగిన పని ఒకటి దొరకును. పాతకాలపు గృహిణి నేర్పు అంతయు ఈ గుణమును కనిపెట్టి, గుడ్డను ఒక మెట్టునుండి మరియొక మెట్టునకు నెమ్మదిగా దించుటలో ఉన్నది.

మొదటి జన్మము కట్టుచీర. కొన్ని యేండ్లకు అది నడుమ చిరుగును. కాని కొంగు, అంచులు ఇంకను గట్టిగానే ఉండును. ఆ భాగములను కత్తిరించి ఆడపిల్లకు పరికిణీ కుట్టుదురు; మిగిలిన ముక్క దిండు గలేబు అగును. ఇది రెండవ జన్మము. మరికొంత మెత్తబడిన గుడ్డ బాలింత గదిలోనికి పోవును. కొత్తగుడ్డ పసికందు చర్మమునకు గరుకు. ఏండ్ల తరబడి ఉతికిన గుడ్డయే పొత్తిళ్ళకు తగినది. ఇది మూడవది. వేసవి రాగానే పాతచీరను డాబామీద పరచి దానిపై వడియములు పెట్టుదురు. అవి ఎండిన పిమ్మట గుడ్డ వెనుకవైపున నీళ్ళు చిలుకరించినచో, గుడ్డ తడిసి వడియములు విరుగకుండ ఊడివచ్చును. ఇది నాలుగవ జన్మము.

అయిదవది బొంత. దానిని గురించి వేరుగా చెప్పవలసియున్నది. బొంత కూడ చిరిగిన పిమ్మట ముక్కలు మసిగుడ్డలగును. పొయ్యిమీది గిన్నెను దించు చేతికి నాలుగు మడతల నూలుగుడ్డను మించిన రక్షణ వంటింటిలో లేదు. మసిగుడ్డ పీలికలైనప్పుడు ఏడవ జన్మమెత్తి అలుకుగుడ్డ అగును. నేల తుడిచి తుడిచి అది చేతికి అందకుండ పోయిన దినమున పెంటకుప్పమీద పడును. పత్తి ముఖ్యముగా సెల్యులోజు అను వృక్షపదార్థము. తడిమట్టిలోని సూక్ష్మజీవులు దానిని ఆకును, గడ్డిని తిన్నట్లే తినివేయును. ఎరువుతోపాటు అది పొలమునకు చేరును. చేనిలో పుట్టినది చేనికే పోయినది. నడుమ ఒక కుటుంబమునకు ఏడు విధములుగా ఉపయోగపడినది.

బొంతలోని లెక్క

బొంత కుట్టుటకు నాలుగైదు పాతచీరలు కావలెను. ముందుగా వానిని వేడినీటిలో నానవేసి, గంజి, మురికి పోవునట్లు ఉతికి, ఎండలో బాగుగా ఆరవేయవలెను. తడి మిగిలినచో లోపలి పొరలకు బూజు పట్టును. ఎక్కువ చిరిగినవి నడుమ పొరలలోనికి పోవును. గట్టివి పైకి, క్రిందికి వచ్చును. వానిని నేలమీద ముడుతలు లేకుండ పరచి, నాలుగు మూలలను బరువులతో అదిమి, పెద్ద పెద్ద టాకాలు వేసి పొరలు జారకుండ పట్టుదురు. పిమ్మట పెద్దసూదితో, లావుపాటి నూలుదారముతో, అంచునుండి మొదలుపెట్టి వరుస వెంట వరుస కుట్టుకొని పోవుదురు.

విద్యార్థులు ఒక చిన్న లెక్క వేయవచ్చును. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బొంతకు అంగుళమున కొక వరుస చొప్పున 48 వరుసలు వచ్చును. అన్నియు కలిసి 288 అడుగుల కుట్టు. అంగుళమునకు రెండు పోట్లు చొప్పున 6,912 పోట్లు. ఏడువేల పర్యాయములు సూది గుచ్చి తీసిన పని అది. ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురు కూర్చుండి, కబుర్లు చెప్పుకొనుచు, నాలుగు వైపులనుండి కుట్టిననే గాని అది సాగదు.

ఇంత కుట్టు ఎందుకు? బొంత వెచ్చదనము గుడ్డలో కంటె గాలిలో ఎక్కువ ఉన్నది. పొరల మధ్య చిక్కుకొన్న కదలని గాలి ఒంటి వేడిమిని సులభముగా బయటికి పోనీయదు. కుట్లు మరీ దూరమైనచో పొరలు జారి ఒకచోట ముద్దకట్టును. మరీ బిగించినచో గాలికి చోటుండదు. అంగుళము ఎడమున వదులుగా నడచు కుట్టు ఈ రెంటికిని మధ్యేమార్గము. భౌతికశాస్త్ర గ్రంథము తెరువని చేతులు అనుభవముచే ఈ కొలతను కనుగొన్నవి. పై పొర చిరిగినచో బొంతను పారవేయరు. దానిపై మాసిక వేయుదురు. మాసికమీద మాసిక పడి, ఒక బొంతలో మూడు తరముల చీరలు కలసియుండుట కలదు. అమ్మమ్మ పెండ్లినాటి అంచును బొంతలో గుర్తుపట్టిన మనుమలు తెలుగు కుటుంబములలో తక్కువేమియు లేరు. బెంగాలులోని కాంథా, జపానులోని బోరో ఇట్లే పాతగుడ్డలకు కుట్టు తోడై పుట్టినవి. అక్కర ఎక్కడ ఉన్నను, నూలు ఎక్కడ ఉన్నను, చేతులు ఒకే త్రోవను పట్టినవి.

మరియొక లెక్క కూడ చూడదగినది. ఒక కిలో నూలుగుడ్డ తయారగుటకు, ప్రపంచపు సగటున, సుమారు 10,000 లీటర్ల నీరు వ్యయమగునని అంచనా. చేనిపై కురిసిన వాన, కాలువనీరు, అద్దకమునకు పట్టు నీరు అన్నియు ఇందు చేరినవి. చీర అరకిలో తూగునని అనుకొన్నచో దాని వెనుక 5,000 లీటర్ల నీరున్నది. 2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్, పల్లెలలో మనిషి ఒక్కింటికి దినమునకు 55 లీటర్ల నీరు అందింపవలెనని లక్ష్యముగా పెట్టుకొన్నది. ఆ కొలతలో ఒక చీర నీరు ఒక మనిషికి 90 దినములు వచ్చును. మూడు నెలల నీటిని ఒక యేడాది కట్టి పారవేయుట వేరు; ఇరువది యేండ్లపాటు ఏడు రూపములలో వాడుట వేరు. నీరు అదియే; దానినుండి పిండుకొన్న ప్రయోజనము వేరు.

కుమారప్ప చూపిన భేదము

ఇంటి ముసలమ్మ చేతితో చేసిన పనికి ఒక సిద్ధాంతమును చెప్పిన పండితుడు జె. సి. కుమారప్ప. ఆయన 1892లో తంజావూరున జన్మించెను. లండనులో గణాంక పరిశీలకుని వృత్తిని అభ్యసించి, అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున ప్రభుత్వ ఆదాయవ్యయముల శాస్త్రమును చదివెను. దొరల దుస్తులు ధరించి బొంబాయిలో వృత్తి నడపుచుండిన ఆయన 1929లో గాంధీజీని కలిసిన పిమ్మట ఖద్దరు కట్టెను. 1934లో గాంధీజీ స్థాపించిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘమును వార్ధాలోని మగన్‌వాడిలో నడపెను. చెరసాలలో వ్రాసిన ‘ఎకానమీ ఆఫ్ పెర్మనెన్స్’ అను ఆయన గ్రంథము 1945లో గాంధీజీ తొలిపలుకుతో వెలువడెను. 1960లో ఆయన దివంగతుడయ్యెను.

కుమారప్ప సంపదను రెండు విధములుగా విభజించెను. మొదటిది నిలువ సంపద. బొగ్గు, పెట్రోలు, లోహములు ఈ జాతివి. తవ్వినకొలది తరుగును, తిరిగి నిండవు. రెండవది ప్రవాహ సంపద. వాన, పంట, అడవి, పశువు ఈ జాతివి. ప్రకృతి వానిని మరల మరల నింపుచుండును. మనుష్యుడు తన నిత్యావసరములను వీలైనంతవరకు రెండవ దానినుండి తీర్చుకొనవలెనని, మొదటి దానిమీద ఆధారపడిన జీవితము తరుగుటయే కాక తగవులకు కూడ దారితీయునని ఆయన వాదము. దీనిని ఆయన కాగితముమీద విడువలేదు. మగన్‌వాడిలో కిరోసిను లాంతరును మార్చి గింజల నూనెతో వెలుగునట్లు చేసిరి. దానికి ‘మగన్ దీపము’ అని పేరు.

చీర కథకు ఈ విభాగమే తాళపుచెవి. నూలు ప్రవాహ సంపద. అందుచేతనే అది మట్టినుండి వచ్చి మట్టికి తిరిగి పోగలిగినది.

గుడ్డ మారినది

ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున టెరిలిన్, టెరికాటన్, పాలియెస్టరు బట్టలు తెలుగు గృహములలో ప్రవేశించినవి. వానికి జనాదరణ ఊరక రాలేదు. అవి త్వరగా ఆరును, నలుగవు, రంగు వెలియవు, ధరలోను చౌక. రెండు జతల బట్టలతో యేడాది గడుపవలసిన కుటుంబమునకు అవి నిజముగా మేలు చేసినవి. ఆ సంగతి మరచి వానిని నిందించుట న్యాయము కాదు.

కాని పాలియెస్టరు పెట్రోలియము బిడ్డ. నీళ్ళసీసాలు చేయు పదార్థమే దారముగా సాగినది. ఆ గుడ్డకు మొదటి జన్మము దీర్ఘము. తరువాతి జన్మములు లేవు. సాధారణముగా నూలు తన బరువులో నూటికి ఎనిమిది వంతుల తేమను గాలినుండి పట్టియుంచును. పాలియెస్టరు అర వంతు కూడ పట్టదు. కనుక అది పొత్తిళ్ళకు పనికిరాదు, అలుకుగుడ్డగా నీటిని పీల్చదు. మసిగుడ్డగా వాడినచో ప్రమాదము: మంట తగిలినంతనే కరగి చేతికి అంటుకొనును. పెంటకుప్పపై వేసినచో ఏండ్లు గడచినను అట్లే ఉండును. ఉతికినప్పుడెల్ల దానినుండి కంటికి ఆనని పోగులు నీటిలోనికి పోవుచున్నవి.

ఇప్పుడు మూట ఎందుకు మాయమైనదో తెలియును. నేటి గృహిణి కూడ పాతగుడ్డను వెలుతురునకు ఎత్తి చూడవచ్చును; కాని దానికి అప్పగింపదగిన రెండవ పని లేదు. అందుచేత పొదుపు పారవేయునప్పుడు మొదలుపెట్టదగినది కాదు, కొనునప్పుడు మొదలుపెట్టవలసినది. అంగడిలో గుడ్డను చేతబట్టినప్పుడే, ఇది చిరిగిన పిమ్మట ఏమగును, దాని తరువాత ఏమగును, తుదకు ఎక్కడ పడును అని మూడు ప్రశ్నలు వేసికొనవలెను. మూడింటికిని సమాధానము దొరకిన వస్తువు కొంచెము ప్రియమైనను చౌకయే.

ఈ ప్రశ్నలు గుడ్డకే పరిమితములు కావు. మన్యపు అడ్డాకుతో, తెలంగాణపు మోదుగాకుతో కుట్టిన విస్తరి భోజనము ముగిసిన పిమ్మట పశువునకు మేతయో, చేనికి ఎరువో అగును. దాని స్థానమును ఆక్రమించిన థర్మోకోలు పళ్లెమునకు అట్టి గతి లేదు. 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, చెంచాలు మున్నగువానిని భారత ప్రభుత్వము నిషేధించినది. చట్టము పళ్లెమును ఆపగలదు; మూడు ప్రశ్నలు వేయు అలవాటును మాత్రము చట్టము నేర్పజాలదు.

పొదుపు వేరు, లేమి వేరు

ఇక్కడ రెండు ఆక్షేపణలను విడువక వినవలసియున్నది. మొదటిది: పూర్వులు బొంత కుట్టినది ప్రకృతిమీది ప్రేమచేత కాదు, కంబళి కొనలేక. ఇది చాలవరకు నిజము. చలికి వణకువాని చిరుగుబొంతను అలంకారముగా వర్ణించుట క్రూరత్వము. కొనగలిగియు అక్కరలేనిది కొనక, ఉన్నదానిని బాగుచేసికొనుట పొదుపు. కొనలేక చిరుగుతో కాలము వెళ్ళబుచ్చుట లేమి. లేమిని తొలగింపవలెను, అది నేర్పిన నేర్పును మాత్రము నిలుపుకొనవలెను.

రెండవది ఇంకను బలమైనది. ఆ ఏడువేల పోట్లును వేసినది స్త్రీయే. వంట, పిల్లలు, పశువులు అన్నియు చూచుకొన్న పిమ్మట మిగిలిన మధ్యాహ్నపు విశ్రాంతిని ఆమె బొంతకు ధారపోసినది. ఆ శ్రమను ఎవరును జమాఖర్చులలో వ్రాయలేదు. ఇంటి పొదుపు అంతయు ఒక్కరి వ్రేళ్ళమీద నడచినచో అది పొదుపు కాదు, ఒకరి కష్టమును అందరును ఖర్చుపెట్టుట. నేడు ఈ విద్య తిరిగి రావలెనన్నచో సూది మగపిల్లవాని చేతికి కూడ రావలెను.

వీనికి తోడు నేడు ఒక కొత్త వింత బయలుదేరినది. పర్యావరణమునకు మేలు అను పేర కొత్త నూలుసంచులు, కొత్త వెదురు బ్రష్షులు, కొత్త పెట్టెలు కొని ఇల్లు నింపుకొనుచున్నారు. కొత్త నూలుసంచికి కూడ కొత్త నీరే వ్యయమగును. ఇంటిలోని పాతపంచెను రెండు మడతలుగా వేసి కుట్టిన సంచి చూపునకు సాదా. కాని దానికొరకు ఏ చేనిలోను ఒక్క చుక్క నీరు అదనముగా పారలేదు.

కొనక తప్పనప్పుడు పాతవస్తువుల బజారు ఉన్నది. పాతబట్టలకు స్టీలుసామాను ఇచ్చు స్త్రీలు తెలుగు పట్టణములలోని వీధివీధికిని పరిచితులు. వారు తీసికొనిపోయిన బట్టలు మరియొక సంతలో మరియొకరికి అమరును. ఆదివారమునాడు హైదరాబాదు ఆబిడ్స్ కాలిబాటలపై పరచిన పాతపుస్తకములలో విద్యార్థులు సగము ధరకు దొరకు సంపుటములను వెదకుకొనుట దశాబ్దముల ఆచారము. పుస్తకమునకు గీతలు గీయక, పుటలు మడవక, అట్టవేసికొని చదివిన విద్యార్థి దానికి రెండవ జన్మమును తానే ఇచ్చుచున్నాడు.

బడిలో చేయదగిన పని

చేతిపని ద్వారా చదువు నేర్పవలెనను ఆలోచన ఈ దేశమునకు కొత్త కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యాసభ దానినే బోధించెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము సైతము ఆరవ తరగతినుండి ఎనిమిదవ తరగతివరకు పది దినములు పుస్తకముల సంచి లేకుండ వృత్తిపనులు నేర్పవలెనని సూచించినది. ఆ పది దినములకు ఖర్చులేని పనులు మూడు చెప్పవచ్చును.

మొదటిది పుస్తకము. విద్యాసంవత్సరము ముగియగానే ప్రతి విద్యార్థియు వాడిన నోటుపుస్తకముల పిన్నులను జాగ్రత్తగా తీసి, ఖాళీగా మిగిలిన జంటకాగితములను వేరుచేయవలెను. తరగతిలో 40 మంది ఒక్కొక్కరు పది జంటకాగితములు తెచ్చినచో 400 అగును. ఎనిమిదింటిని ఒక కట్టగా నడిమికి మడచి, మడతమీద దబ్బనముతో మూడు రంధ్రములు వేయవలెను. దారమును లోపలినుండి నడిమి రంధ్రములో బయటికి తీసి, పై రంధ్రమున లోనికి పోనిచ్చి, లోపలనే క్రిందికి నడపి, అడుగు రంధ్రమున బయటికి తెచ్చి, తిరిగి నడిమి రంధ్రమున లోనికి లాగి ముడివేసినచో 32 పుటల పుస్తకము సిద్ధము. పాత క్యాలెండరు కాగితము దానికి అట్ట. అట్టివి 50 పుస్తకములు వచ్చును.

రెండవది బుట్ట. పాతకాగితములను చించి రెండు మూడు దినములు నానవేసి మెత్తగా రుబ్బి, నానిన మెంతులను రుబ్బి దానిలో కలుపవలెను. మెంతుల జిగురు కాగితపు గుజ్జును పట్టి ఉంచును. చేటల కంతలు పూడ్చుటకు తెలుగు స్త్రీలు ఈ గుజ్జునే పూసెడివారు. బోర్లించిన గిన్నెపై తడిగుడ్డ కప్పి, గుజ్జును సమముగా అద్ది, ఎండిన పిమ్మట తీసినచో తేలికైన బుట్ట అగును. కాగితమునకు అచ్చుసిరా ఉండును గనుక అందులో తినుబండారములను ఉంచరాదు. సుద్దముక్కలకు, పెన్సిళ్లకు అది చాలును.

మూడవది ఒక పరీక్ష. ఉపాధ్యాయుడు అరచేయంత నూలుగుడ్డ ముక్కను, అంతే పాలియెస్టరు ముక్కను విద్యార్థుల చేతికి ఇయ్యవలెను. ముందు రెంటిపైన ఒక్కొక్క నీటిచుక్క వేసి చూడుమనవలెను. పిమ్మట రెంటిని బడి ఆవరణలో జానెడు లోతున తడిమట్టిలో పూడ్చి, చోటునకు గుర్తుగా పుల్ల నాటి, అప్పుడప్పుడు నీరు పోయుచు మూడు నెలలు వేచియుండవలెను. త్రవ్విన దినమున ఒకటి పీలికలై మట్టిలో కలసిపోవుచు కనిపించును. రెండవది కడిగినంతనే పూడ్చిన నాటి రంగుతో చేతికి వచ్చును.

ఆ రెండు ముక్కలను వెలుతురునకు ఎత్తి పోల్చి చూచిన పిల్లవానికి పొదుపును గురించి ఉపన్యాసము అక్కరలేదు. తరువాతి పండుగకు తండ్రితో కలసి బట్టలంగడికి పోయినప్పుడు, గుడ్డను చేతిలోనికి తీసికొని, ఇది దేనితో నేసినదని వాడే అడుగును.